చైను లోపలి గ్రీజును కాపాడుకోవడం

మూడేళ్ళ కిందట కొన్న నా మోటారుసైకిలు చైను 12,000 కిలోమీటర్లకే బిగుసుకుపోయింది. సెంటర్ స్టాండ్ వేసి వెనుక చక్రాన్ని చేత్తో తిప్పితే, స్ప్రాకెట్ (చైను ఎక్కి తిరిగే పళ్ళచక్రం) దాటి వచ్చిన నాలుగైదు లింకులు వంగినవి వంగినట్టే ఉండిపోయేవి. నేను క్రమం తప్పకుండా వాటర్ సర్వీసింగ్ చేయించేవాడిని, చైను మీద మట్టి పేరుకోనిచ్చేవాడిని కాదు. ఖమ్మంలో నేను వెళ్ళే షెడ్డులో ప్రతిసారీ పెట్రోలులో ముంచిన బ్రష్షుతో చైనును రుద్దేవారు. "పెట్రోలు కొడితే కొత్తదానిలా మెరుస్తుంది సార్" అనేవారు, అది నిజంగానే మెరిసేది. ఆ మెరుపు చూసి నేను సంతోషించిన కాలమంతా చైను లోపల ఎండిపోతూ వచ్చిందన్న సంగతి, కొత్త చైను, స్ప్రాకెట్లు వేయించిన రోజున పాతదాన్ని ఇంటికి తెచ్చుకుని ఒక్కొక్క లింకునూ పరీక్షగా చూసినప్పుడే నాకు అర్థమైంది.

ఇప్పటి చాలా బళ్ళకు వచ్చేది ఓ-రింగ్ చైను. లింకులను కలిపే పిన్నుకూ, దాని చుట్టూ గొట్టంలా ఉండే బుష్షుకూ మధ్య కర్మాగారంలోనే గ్రీజు నింపి, అది బయటికి రాకుండా, బయటి దుమ్ము లోపలికి పోకుండా లింకు పలకల మధ్య చిన్న రబ్బరు వలయాలను బిగిస్తారు. ఆ గ్రీజు ఒక్కసారి పోతే మనం పైనుంచి ఎంత నూనె పోసినా అది లోపలికి చేరదు. కాబట్టి చైనును శుభ్రం చేయడానికి ఏ ద్రవాన్ని ఎంచుకున్నా, ముందుగా అడగవలసిన ప్రశ్న అది ఆ రబ్బరును ఏం చేస్తుందన్నదే. పెట్రోలు, థిన్నరు వంటివి రబ్బరును ఉబ్బించి, ఆరిన తరువాత పెళుసుగా మార్చి, పగుళ్ళు తెప్పిస్తాయి. నా పాత చైనులో కొన్ని వలయాలు చీలిపోయి ఉన్నాయి, కొన్నిచోట్ల అసలు లేనే లేవు, ఆ సందుల్లో తుప్పు మాత్రం ఎర్రగా కనిపించింది.

పెట్రోలు మనిషికీ మంచిది కాదు. అందులో ఉండే బెంజీన్ క్యాన్సర్ కారకం. దాని ఆవిరి గాలికంటే బరువైనది కాబట్టి నేలను అంటిపెట్టుకుని పాకుతుంది, అపార్ట్‌మెంటు సెల్లారు వంటి మూసిన చోట ఎక్కడో దూరాన లేచిన చిన్న నిప్పురవ్వ కూడా దానికి చాలు.

కిరోసిన్ దీనికంటే చాలా మేలు. రబ్బరు వలయాల మీద దాని ప్రభావం తక్కువ, గట్టిపడిన జిడ్డును అది బాగా కరిగిస్తుంది. కానీ చైనును అందులో రాత్రంతా నానబెట్టకూడదు, గుడ్డను తడిపి తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టాలి. ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. సుమారు 38 డిగ్రీల వద్దే కిరోసిన్ నుంచి నిప్పంటుకునేంత ఆవిరి లేవడం మొదలవుతుంది, మా ఖమ్మం, కొత్తగూడెం వైపు మే నెల ఎండ 44 డిగ్రీలు దాటిన రోజులు ఎన్నో ఉన్నాయి. అందుకే వేసవిలో నేను ఈ పనిని తెల్లవారుజామున, ఆరుబయట, నీడలో పెట్టుకుంటాను. కొన్ని కంపెనీలు తమ మాన్యువల్‌లో ఓ-రింగ్ చైనుకు పనికివచ్చే క్లీనర్‌నే వాడమంటాయి. మీ బండితో ఇచ్చిన పుస్తకం అలా చెబితే దాని మాటే వినండి. బజారులో క్లీనర్ కొనేటప్పుడు, డబ్బా మీద ఓ-రింగ్ చైనులకు సురక్షితమని రాసి ఉందో లేదో చూడడం నేను ఎన్నడూ మానను.

డబ్ల్యూడీ-40 అనే స్ప్రే గురించి తరచుగా అడుగుతారు. 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో, లోహం మీది తేమను తరిమి తుప్పును ఆపడానికి దాన్ని తయారు చేశారు, పేరులోని డబ్ల్యూడీ అంటే 'వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్', అంటే నీటిని తరమడం. జిడ్డు తుడవడానికి అది ఉపయోగపడుతుంది గానీ, చైనుకు నిలకడగా నూనె పొరను ఇవ్వలేదు. దాన్ని కొట్టి ఊరుకుంటే చైను దాదాపు పొడిగా తిరుగుతున్నట్టే లెక్క. తుడిచిన తరువాత చైన్ లూబ్ గానీ, మాన్యువల్ అనుమతిస్తే 90 నంబరు గేర్ ఆయిల్ గానీ పట్టించాలి. షెడ్డుల్లో ఊరికే దొరికే వాడేసిన ఇంజిన్ ఆయిల్‌ను మాత్రం దగ్గరికి రానివ్వకండి, అందులో లోహపు పొడి, మసి, ఆమ్లాలు కలిసి ఉంటాయి. చైను లోపలి అంచున, బండి నడిపి వచ్చి కాస్త వెచ్చగా ఉన్నప్పుడు పూసి, రాత్రంతా వదిలేస్తే నూనె చక్కగా పడుతుంది. టైరు మీద పడకుండా వెనుక ఒక అట్టముక్క పెట్టుకోవాలి.

ఇంజిన్ స్టార్ట్ చేసి, గేరు వేసి, తిరిగే చైనుకు గుడ్డ పట్టుకునే అలవాటు చాలామందికి ఉంది. దయచేసి ఆ పని చేయకండి. గుడ్డతోపాటు వేలు స్ప్రాకెట్ పళ్ళ మధ్యకు పోవడానికి క్షణం చాలు, వేలు తెగిపోతుంది. ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో ఉంచి, చక్రాన్ని చేత్తో తిప్పుకుంటే పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

మిగిలిన బండికి కావలసింది చాలా తక్కువ. బట్టల సబ్బుపొడిలో సోడా ఉంటుంది, అది అల్యూమినియం మెరుపునూ రంగునూ తినేస్తుంది. మరుగుదొడ్డి ఆసిడ్‌తో అల్లాయ్ చక్రాలు కడగడం అంతకంటే ఘోరం. వాహనాల కోసమే చేసిన షాంపూ, రెండు బకెట్ల నీళ్ళు, మెత్తటి గుడ్డ సరిపోతాయి. మా బోరు నీళ్ళు ఆరితే తెల్లటి మచ్చలు పడతాయి కాబట్టి కడిగిన వెంటనే తుడిచేస్తాను. ప్రెషర్ గన్‌ను చక్రాల బేరింగుల మీదా చైను మీదా గురిపెడితే సీళ్ళను దాటి నీళ్ళు లోపలికి పోతాయి, ఆ మాట షెడ్డులో ముందే చెబుతాను. బ్రేకు డిస్కు మీద ఏ నూనె తుంపర పడినా, సీటు మీద పాలిష్ పూసినా జరిగేది ప్రమాదమే. డిస్కును బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, తక్కువ వేగంలో రెండు మూడుసార్లు బ్రేకు పట్టి చూసుకున్నాకే రోడ్డెక్కుతాను.

తుడిచిన కిరోసిన్‌ను మురుగుకాలువలో పోయను. మూతపెట్టిన డబ్బాలో నిల్వ ఉంచి, వాడిన నూనె సేకరించేవారు వచ్చే షెడ్డులో అప్పగిస్తాను. కొత్త చైను ఇప్పటికి 16,000 కిలోమీటర్లు తిరిగింది. ప్రతి 500 కిలోమీటర్లకు ఒకసారి నూనె పెట్టేటప్పుడు లింకులన్నిటినీ వేలితో వంచి చూస్తాను, అన్నీ తేలికగానే వంగుతున్నాయి.