టక్కుమన్న చప్పుడు

"ఎముక కూర్చున్న చప్పుడు నువ్వూ విన్నావు కదా" అని వదిన ఇవాళ నాలుగోసారి అడిగింది, శనివారం మా కుక్క రైలుకు చేయించిన వెన్ను వైద్యం గురించి. నాలుగుసార్లూ "విన్నాను వదినా" అన్నాను. నిజానికి నేను విన్నది స్ప్రింగు చప్పుడు. ఆ మాట అప్పుడే అనేస్తే పోయేది. అనలేదు కాబట్టి ఇంటిల్లిపాదీ నిద్రపోయాక ఇలా కూర్చుని టైపు చేసుకుంటున్నాను.

రైలు సాయంత్రం సోఫా ఎక్కాడు, అదీ గొడవ. మూడున్నర వారాలుగా ఎత్తుకుంటే తప్ప గడప దాటని వాడు, ఎవరో పిలిచినట్టు లేచి వచ్చి, ఒక్క దూకు దూకి మా ఆయన పక్కన వాలాడు. చిన్నవాడు చప్పట్లు కొట్టాడు. మా ఆయన ఫోను తీసి ఫొటోలు మొదలుపెట్టారు. వదిన సంగతి సరేసరి, "ఆయన చెయ్యి పడిందంటే అంతే మరి!" అని ఒకటే సంబరం. డిస్కు, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్త, నొప్పి పెడుతున్న డాక్స్‌హండ్ (పొడుగు వీపు, పొట్టి కాళ్ల జాతి కుక్క) చెయ్యకూడని పనుల్లో మొట్టమొదటిది దూకడం. వాడు చేసిన తప్పుకు ఇంట్లో సన్మానం జరుగుతుంటే, నేనొక్కదాన్నే "దించండి, ముందు దించండి" అని అరుస్తూ గయ్యాళిలా మిగిలాను.

శనివారం కైరోప్రాక్టిక్, అంటే వెన్నుపూసలు నొక్కి సరిచేస్తామనే వైద్యం, చేయించిన సంగతి ఇక్కడ రాయలేదు. రాసేంత ఓపిక ఉంటే ఆ వైద్యం చేసినాయనతోనే పోట్లాడేదాన్ని. మా పశువైద్యురాలు అయిష్టంగానే ఒప్పుకున్నారు. నొప్పి ఉన్నచోట గట్టిగా నొక్కకూడదు, మెడ తిప్పకూడదు అని ఒకటికి రెండుసార్లు చెప్పి పంపారు. ఆయన రైలును బల్ల మీద నిలబెట్టి, వీపంతా ఒకసారి తడిమి, "మూడో నడుము పూస పక్కకు జరిగింది" అన్నారు. నా సంచీలో ఎక్స్‌రే ఉంది. అందులో పూసలన్నీ పెట్టెకు పెట్టె తగిలించినట్టు వరసగా ఉన్నాయి. ఎక్స్‌రేలో డిస్కు కనిపించదని నాకూ తెలుసు. ఎముక జరిగితే మాత్రం కనిపిస్తుంది కదా! అదే అడిగాను. "ఇది ఎక్స్‌రేకు అందే జరగడం కాదమ్మా, కదలికలో తేడా" అన్నారు. అలాంటప్పుడు కదలికలో తేడా ఉందనే చెప్పవచ్చు కదా? ఈ జరగడాన్నే వీళ్లు సబ్‌లక్సేషన్ అంటారు. ఆ మాటకు మామూలు వైద్యంలో ఒక అర్థం, కీలు కొంత మేరకు తప్పడం. వీళ్ల దగ్గర ఇంకో అర్థం. వినే వదినకు మాత్రం అర్థమయ్యేది ఒకటే, ఎముక పట్టాలు తప్పిందని.

పైగా గోడ మీద ఒక పటం. వెన్నుపూసల నుంచి గీతలు బయలుదేరి చెవులకు, పొట్టకు, చర్మానికి, చివరికి చిరాకుకు కూడా వెళుతున్నాయి. ఈ విద్య పుట్టుకే అలాంటిది. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్టులో డి.డి. పామర్ అనే అయస్కాంత చికిత్సకుడు తాను ఉండే భవనంలో ఊడ్చే పని చేసే హార్వీ లిల్లార్డ్ వీపు నొక్కితే పోయిన వినికిడి తిరిగి వచ్చిందని చెప్పుకున్నాడు. వినికిడి నరం పుర్రె దాటి బయటికే రాదు, వీపులో దానికేం పని? పశువులకు ఇది చేసేవాళ్లు అమెరికాలోనే 1989లో ఒక సంఘం కూడా పెట్టుకున్నారు. మనుషుల్లోనే తేలని విషయాన్ని మాటలు రాని వాటి మీదికి తెచ్చారన్నమాట.

ఇక ఆ చప్పుడు. ఆయన చేతిలో లావుపాటి పెన్నులాంటి పరికరం ఉంది. కొన వీపుకు ఆనించి వెనక నొక్కితే లోపలి స్ప్రింగు వదులుకుని టక్కుమంటుంది. నేను అడిగితే నా అరచేతి మీద కూడా నొక్కి చూపించారు. అక్కడా టక్కుమంది. నా అరచేతిలో ఏ ఎముక కూర్చుందో మరి! వదిన అప్పుడు ఫోను మాట్లాడుతూ బయట ఉంది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఉయ్యాల మీంచి వెల్లకిలా పడ్డాను. వారమైనా వంగలేకపోతుంటే నాన్న నన్ను భుజాన వేసుకుని ఎముకలు సరిచేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లారు. బోర్లా పడుకోబెట్టి, రెండు చేతులూ నడుము మీద పెట్టి ఒక్కసారి నొక్కారు. టక్. తల తిప్పి చూస్తే నాన్న నా ముఖం కేసే చూస్తున్నారు. పరీక్ష ఫలితాల కోసం చూసే పిల్లాడి చూపు అది. "తగ్గిందా తల్లీ?" అన్నారు. "తగ్గింది నాన్నా" అన్నాను. ఏమీ తగ్గలేదు. ఆ రాత్రి దిండు కొరుక్కుంటూ పడుకున్నాను. మళ్లీ తీసుకెళతారేమోనన్న భయం కొంత, ఆ చూపు కొంత. నొప్పి ఇంకో పది రోజులకు దానంతట అదే పోయింది. నాన్న మాత్రం ఆ కథ బతికినంత కాలం చెప్పారు. నా పెళ్లిలో మా ఆయనకు కూడా చెప్పారు, "ఒక్క టక్కుతో లేచి నిలబడింది" అని. నేను పక్కనే కూర్చుని తల ఊపాను. కీలు చప్పుడైనప్పుడు అందులోని ద్రవంలో వాయువుతో చిన్న ఖాళీ ఏర్పడుతుందని 2015లో వేళ్ల కీళ్లను ఎమ్మారైలో పెట్టి చూసి చెప్పారు. అది చదివేనాటికి చెప్పడానికి నాన్న లేరు.

రైలుకు ఆ మొహమాటం లేదు. తగ్గిందనీ అనడు, తగ్గలేదనీ అనడు. వాడి తరఫున అనేది మనమే. 2012లో వచ్చిన ఒక పరిశోధనలో, కుంటుతున్న కుక్కలకు ఉత్తుత్తి మందు ఇచ్చి, నడకను కాలి బరువు కొలిచే పలక మీద చూశారు. పలక ఏమీ మారలేదంటుంటే, పెంచుకునేవాళ్లలో చాలామంది నయమైందన్నారు. పరీక్షించిన పశువైద్యులు కూడా కొందరు అలాగే పొరపడ్డారు. రేపు వదినకు ఇది చదివి వినిపించాలి.

అనుకున్నాను గానీ, పైనుంచి మళ్లీ చదువుకుంటే ఆ పలక నాకూ తగులుతోంది. సాయంత్రం నా నాలుక చివర దాకా వచ్చిన మాట ఏమిటి? "అది ఆయన గొప్ప కాదు, నేను చేయించిన విశ్రాంతి." మూడున్నర వారాలు కంచెలో పెట్టి, గంట గంటకూ కాగితం మీద గీతలు గీసింది నేను కదా, పేరు నాకు రావాలి! కంచెలో పెట్టని ఇంకో రైలు ఎక్కడా లేడు, పోల్చుకోవడానికి.

ఇంకోటి కూడా దాచాను. పరికరం తీయకముందు ఆయన రెండు వేళ్లు వెన్నుకు చెరోపక్కా పెట్టి, భుజాల నుంచి తోక దాకా మెల్లగా జరిపారు. ఒకచోట రైలు చర్మం జలదరించింది. తల వెనక్కి తిప్పి పెదాలు నాక్కున్నాడు. ఆయన అక్కడే ఆగి, అరచెయ్యి ఆనించి చాలాసేపు ఊరికే ఉంచారు. వాడి కళ్లు మూతలు పడ్డాయి. రోజుకు ఇరవైసార్లు వాడిని ఎత్తుకునేటప్పుడు నా చెయ్యి పడేది కూడా సరిగ్గా అక్కడే. నాకు ఒక్కనాడూ తెలియలేదు. అక్కడ కండరాలు బిగుసుకున్నాయని సోమవారం వైద్యురాలూ అన్నారు. ఆ చేతుల మీద నాకు ఫిర్యాదు లేదు. నోటి మీదే.

అయినా కోపం పోలేదు. వదిన మొదటి వారంలోనే అక్కడికి తీసుకెళదామంది. వెన్నుపూసలు ఏ కుక్కకైనా అన్నే, ఛాతీలో 13, నడుములో 7. వీడికి పొట్టివి కాళ్లే. ఆ కాళ్లను పొట్టి చేసే జన్యువుల్లో ఒకటి డిస్కుల్ని కూడా చిన్న వయసులోనే గట్టిపరుస్తుందట. గట్టిపడ్డ గుజ్జు పైకి పొడుచుకొస్తే నేరుగా వెన్నుపామును నొక్కుతుంది. ఆ వారంలో ఎవరైనా అక్కడ చెయ్యి వేసి గట్టిగా నొక్కి ఉంటే వెనక కాళ్లు ఏమయ్యేవో.

వచ్చే శనివారం సమయం తీసుకోమంటావా అని వదిన మెసేజ్ పెట్టింది. జవాబు ఇవ్వలేదు. ఇందాక నరాలు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూద్దామని రైలును నిలబెట్టి, వెనక పాదం మడిచి పైభాగం నేలకు ఆనించి వదిలాను. వెంటనే సరిగ్గా పెట్టుకున్నాడు. రెండోదీ అంతే. మూడోసారి చేయబోతే విసుగ్గా చూసి వెళ్లి పడుకున్నాడు.

సోఫా మీద కుర్చీలు బోర్లించి వచ్చాను. పొద్దున్నే మా ఆయన ఎలాగూ గొణుగుతారు.