పండుగ తరువాతి తూకం

ఏటా సంక్రాంతి సెలవులు ముగిసి చెన్నైకి తిరిగి వచ్చిన వారంలో, తెలుగువాళ్ళు నలుగురు కలిసిన చోటల్లా బరువు ప్రస్తావనే వస్తుంది. ఊళ్ళో నాలుగు రోజులు ఉన్నందుకు మూడు కిలోలు పెరిగానని ఒకరు, పండుగకు కుట్టించుకున్న రవిక అప్పుడే బిగుతయిందని ఇంకొకరు, ఇక రాత్రి భోజనం మానేస్తున్నానని మరొకరు చెప్పుకుంటారు. పైకి సరదాగా అనుకుంటున్న మాటలే అయినా, వాటి అడుగున తిన్నందుకు సిగ్గు, కొంత దిగులు ఉంటాయి. అమ్మ చేతి అరిసె తిన్నందుకు ఎవరూ సిగ్గుపడవలసిన పని లేదు. అలాగని పండుగల బరువును పూర్తిగా కొట్టిపారేయడానికీ వీలు లేదు. ఈ రెండూ నిజమేనని నేను గట్టిగా నమ్ముతాను కనుకనే ఇది రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. ఒంట్లో ఒక కిలో కొవ్వు చేరాలంటే, ఖర్చయ్యే శక్తికి మించి సుమారు 7,700 కేలరీలు తినాలన్నది పోషకాహార నిపుణులు వాడే స్థూలమైన లెక్క. ఆ ప్రకారం మూడు కిలోల కొవ్వుకు 23,100 కేలరీలు కావాలి. భోగి, సంక్రాంతి, కనుమ, ముక్కనుమ అనే నాలుగు రోజులకూ పంచితే రోజుకు 5,775 అవుతాయి. ఒక్కో పెద్ద అరిసెకు 200 కేలరీలని ధారాళంగా వేసుకున్నా, మామూలు భోజనమంతా చేసి దాని మీద రోజుకు ఇరవై తొమ్మిది అరిసెల చొప్పున నాలుగు రోజులూ తింటే గానీ మూడు కిలోల కొవ్వు చేరదు. మన ఇళ్ళలో ఎవరూ అలా తినరు.

మరి తూకంలో కనిపించిన ఆ మూడు కిలోలు ఎక్కడివి? అందులో ఎక్కువ భాగం నీరు. మనం తిన్న అన్నం, బెల్లం, పిండి పదార్థాలలో కొంత భాగాన్ని శరీరం గ్లైకోజెన్ రూపంలో కాలేయంలోనూ కండరాలలోనూ దాచుకుంటుంది; ఆ గ్లైకోజెన్ ఒక్కో గ్రాముతో పాటు దాదాపు మూడు గ్రాముల నీరు కూడా నిలుస్తుంది. ఇక ఉప్పు సంగతి. పెద్దవారు రోజుకు తినే ఉప్పు 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పులిహోర, జంతికలు, ఆవకాయ, అప్పడాలు ఒకే విస్తట్లో కలిసిన రోజున ఆ హద్దు మధ్యాహ్నానికే దాటిపోతుంది. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది, మన ఒంట్లోని ద్రవాల ఉప్పదనమూ దాదాపు అంతే. అందువల్ల ఒంట్లో నిలిచిపోయిన ప్రతి 9 గ్రాముల అదనపు ఉప్పుకూ ఇంచుమించు లీటరు నీరు, అంటే ఒక కిలో బరువు, దానితో పాటే నిలుస్తుంది. రాత్రంతా రైల్లో కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నందువల్ల వచ్చే పాదాల వాపు, ఇంకా అరగని ఆహారం, ఆడవారికి నెలసరి ముందు చేరే నీరు కూడా ఈ తూకంలో కలుస్తాయి. మామూలు భోజనానికి, మామూలు నిద్రకు తిరిగి వచ్చిన వారం పది రోజులలో ఇదంతా తనంతట తానే దిగిపోతుంది.

కాబట్టి ఊరి నుంచి వచ్చిన మరునాడే తూచుకోవడం వల్ల తెలిసేది చాలా తక్కువ. పది రోజులు ఆగి, ఉదయం కాలకృత్యాలు ముగించుకుని, ఏమీ తినకముందు, ఒకే యంత్రం మీద చూసుకున్న అంకెకే విలువ ఉంటుంది. మా చిన్నతనంలో రైల్వే స్టేషన్లలో రంగురంగుల దీపాలు తిరిగే తూకపు యంత్రాలు ఉండేవి. నాణెం వేస్తే ఒకవైపు బరువు, మరొకవైపు జాతకంలాంటి వాక్యం అచ్చయిన చిన్న అట్టముక్క వచ్చేది. ఇప్పుడు స్నానాల గదిలోని యంత్రం బరువు మాత్రమే చెబుతుంది, కానీ దాన్ని జాతకంగా చదువుకునేవారు చాలామంది ఉన్నారు.

ఇంతవరకు చెప్పింది ఊరట కలిగించే సగం. రెండో సగాన్ని చెప్పకపోతే నేను నిజం చెప్పినట్లు కాదు. అమెరికాలో 195 మంది పెద్దవారిని పండుగల కాలానికి ముందు, ఆ కాలంలో, ఆ తరువాత తూచి చేసిన ఒక అధ్యయనం 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. అక్కడ నవంబరు చివరి థాంక్స్ గివింగ్ నుంచి కొత్త సంవత్సరం వరకు సాగే విందుల కాలంలో వారు సగటున పెరిగింది 0.37 కిలోలు మాత్రమే. తాము అంతకంటే ఎంతో ఎక్కువ పెరిగామని వారే అనుకున్నారు. అయితే ఆ కొద్దిపాటి బరువు వసంతంలోనూ వేసవిలోనూ తగ్గలేదు. ఏటా అలా నాలుగు వందల గ్రాములు నిలిచిపోతూ ఉంటే ఇరవై ఏళ్ళలో ఎనిమిది కిలోలవుతాయి. ఇరవై ఐదేళ్ళకు పెళ్ళి చేసుకున్న మనిషికి నలభై ఐదేళ్ళకు ఒంటి మీద ఉన్న అదనపు బరువు ఏ ఒక్క పండుగ నాడూ రాలేదు, ఎవరి కంటా పడకుండా చేరింది. మూడు కిలోలని మనం భయపడేది చాలావరకు నీరు. భయపడవలసిన అవసరం లేకపోయినా గమనించవలసింది ఆ నాలుగు వందల గ్రాములనే.

అదే అధ్యయనంలో నన్ను బాగా ఆలోచింపజేసిన విషయం ఇంకొకటి ఉంది. ఎన్ని విందులకు వెళ్ళారన్నదానికీ, పెరిగిన బరువుకూ సంబంధం కనిపించలేదు. సంబంధం కనిపించినవి రెండు: ఎంత ఆకలితో ఉన్నారు, ఎంత కదిలారు. ఇది చదివినప్పుడు నాకు చెన్నై వానలు గుర్తుకు వచ్చాయి. ఇక్కడ ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఉంటాయి, అంటే దసరా, దీపావళి, మార్గళిలో, అంటే ధనుర్మాసంలో జరిగే సంగీత కచేరీలు, క్రిస్మస్ అన్నీ వానలతో కలిసే వస్తాయి. మైలాపూరులో లజ్ దగ్గర కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరుతో ఉన్న పార్కులో రోజూ నడిచేవారు, మెరీనా ఒడ్డున తెల్లవారుజామున తిరిగేవారు వీధుల్లో మోకాలి లోతు నీళ్ళు నిలిచిన వారాలలో ఇల్లు కదలలేరు. సాయంత్రాలు సభల్లో కచేరీకి ముందో తరువాతో క్యాంటీనులో నేతి పొంగలి, ఆకుకూర వేసిన కీరవడ తింటూ గడుస్తాయి. అలా మూడు నెలలు నడక తగ్గిపోయిన ఒంటి మీదికి సంక్రాంతి వస్తుంది, నింద మాత్రం అరిసెల మీద పడుతుంది. వానల రోజుల్లో మేడ మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగడం, ఇంటి వరండాలోనే అరగంట తిరగడం చిన్న పనుల్లా అనిపిస్తాయి గానీ, జనవరిలో చేపట్టే ఏ కఠిన దీక్ష కంటే కూడా వీటి వల్లనే మేలు ఎక్కువని నా నమ్మకం.

నింద పడవలసిన చోటు ఇంకొకటి ఉంది, అది పండుగ విస్తరి కాదు, పండుగ తరువాత ఇంట్లో మిగిలే డబ్బాలు. ఊరి నుంచి బయలుదేరేటప్పుడు అమ్మ, అత్తగారు, పెద్దమ్మ తలా ఒక డబ్బా కట్టి ఇస్తారు. జంతికలు, చేగోడీలు, కజ్జికాయలు, సున్నుండలు నెల దాటినా పాడుకావు. నూనెలో వేగిన జంతికలు వంద గ్రాములకు సుమారు 500 కేలరీలు ఉంటాయనుకుంటే, రోజూ సాయంత్రం టీవీ ముందు కూర్చుని 50 గ్రాములు నమిలినవారికి నెలకు 7,500 కేలరీలు చేరతాయి, అంటే ఇంచుమించు ఒక కిలో కొవ్వుకు సరిపడినంత. పండుగ నాడు అందరితో కలిసి కూర్చుని, రుచి తెలిసి, కొసరి కొసరి వడ్డిస్తుండగా తిన్న రెండు అరిసెలకూ దీనికీ పోలికే లేదు. అప్పుడు తిన్నది జీవితాంతం గుర్తుండిపోతుంది, ఇప్పుడు తింటున్నది చేతిలోని గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నట్టే తెలియదు. వెనుకటి రోజుల్లో బియ్యం నానబెట్టి, దంచి, పాకం పట్టి ఇంటిల్లిపాదీ శ్రమిస్తేనే పిండివంట తయారయ్యేది, అందువల్ల అది పండుగకే పరిమితమై ఉండేది. ఇప్పుడు టి.నగర్‌లో ఏ వీధికి వెళ్ళినా ఏడాది పొడవునా అవి దొరుకుతాయి. మా ఇంట్లో ఇప్పుడు ఊరి నుంచి వచ్చిన డబ్బాలను ఆ వారంలోనే ఎదురింటివారికీ, ఆఫీసుకూ, కింద కాపలా ఉండే పెద్దాయనకూ పంచుతున్నాము. మిగిలినవాటిని భోజనంలో భాగంగా వడ్డించుకుంటున్నాము గానీ, డబ్బా పక్కన పెట్టుకుని తినడం మానేశాము.

నాకు అసలు బాధ కలిగించేది పండుగ తరువాత మనవాళ్ళు తమకు తాము విధించుకునే శిక్ష. మా అన్నయ్య కూతురు ఇక్కడే హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ చదువుతోంది. మొన్నటి సంక్రాంతి తరువాత ఆదివారం మా ఇంటికి వచ్చి, కంచం ముందు కూర్చోనంది. ఎందుకని అడిగితే, "అత్తా, మూడు కిలోలు పెరిగాను, పండక్కి వచ్చినవాళ్ళంతా ఒళ్ళు చేశావనే అన్నారు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అప్పటికి మూడు రోజులుగా పండ్లరసం మీదే ఉందట. ఒంట్లోని మలినాలను కడిగివేస్తాయని చెప్పి అమ్మే ఆ రసాలకు ఆ శక్తి లేదు, ఆ పని చేయడానికి కాలేయమూ మూత్రపిండాలూ ఉన్నాయి. "అందులో సగానికి పైగా నీళ్ళేనమ్మా, ముందు అన్నం తిను" అని పప్పూ, బెండకాయ వేపుడూ, చారూ వడ్డించాను. తిన్నది.

ఉపవాసంతో బరువు దించాలనుకునేవారు 1944, 1945లలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఏన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగం గురించి తెలుసుకోవాలి. 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు ఆహారాన్ని బాగా తగ్గించి ఇచ్చారు. వారు నాలుగో వంతు బరువు తగ్గారు. దానితో పాటు వారి మనసు నిండా తిండి ఆలోచనే నిండిపోయింది. వంటల పుస్తకాలు చదువుతూ కూర్చున్నారు, చిరాకు, దిగులు పెరిగాయి, ఆంక్షలు తీసేశాక తృప్తి తెలియకుండా తిన్నారు. మూడు రోజుల పండ్లరసం అంత తీవ్రమైనది కాదు, కానీ అది నడిపించే దారి అదే. ఆకలిని పెంచుకుని మళ్ళీ డబ్బా దగ్గరికి వెళతాము. లంఖణం పరమౌషధమని మన పెద్దలు అన్నది అజీర్ణం చేసినప్పుడు ఒక పూట పొట్టకు విశ్రాంతినివ్వమని, తిన్నందుకు వారం రోజులు మాడమని కాదు. మా పొరుగున ఉన్న తమిళుల ఇళ్ళలో దీపావళి నాడు మిఠాయిల కంటే ముందు సొంఠి, మిరియాలు, వాము, బెల్లం, నెయ్యి వేసి చేసిన లేహ్యం చేతిలో పెడతారు. అది బరువు తగ్గించదు. కానీ ఈ రోజు ఎక్కువ తింటామని ముందే ఒప్పుకుని, దానికి తగిన ఏర్పాటు చేసుకుని, సంతోషంగా తినడంలోని పెద్దరికం నాకు ఎంతో నచ్చుతుంది.

పెద్దవాళ్ళకు నాదొక విన్నపం. పండుగకు వచ్చిన పిల్లను గుమ్మంలోనే చూసి చిక్కిపోయావనడం, తిరిగి వెళ్ళేనాటికి ఒళ్ళు చేశావనడం మనకు అలవాటైన పలకరింపులు. వాటి వెనుక ఉన్నది ప్రేమేనని నాకు తెలుసు. అయినా పద్దెనిమిదేళ్ళ పిల్లకు అవి తూకపు రాళ్ళలాగే తగులుతాయి. చదువు ఎలా ఉంది, నిద్ర పడుతోందా, హాస్టల్లో ఎవరితో స్నేహం అని అడిగినా ఆ ప్రేమ అందుతుంది.

చివరగా, ఇంతవరకు చెప్పినదానిని మినహాయింపుతో తీసుకోవలసినవారు మన ఇళ్ళలో చాలామంది ఉన్నారు. భారత వైద్య పరిశోధన మండలితో కలిసి మన చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ జరిపిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, మరో 13.6 కోట్ల మంది దానికి ముందు దశలో ఉన్నారు. మన శరీరాలు మొత్తం బరువు పెద్దగా లేకపోయినా నడుము చుట్టూ కొవ్వును చేర్చుకుంటాయి, అందుకే తూకం కంటే టేపు ఎక్కువ చెబుతుంది: మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే డాక్టరును కలవడం మంచిది. మధుమేహం ఉన్న పెద్దవారికి పండుగ నాటి అసలు ప్రశ్న బరువు కాదు, రక్తంలో చక్కెర. అంతకంటే ముఖ్యంగా, తిన్నందుకు పరిహారంగా మరునాడు భోజనం మానేసి, మాత్రలూ ఇన్సులినూ మాత్రం యథాప్రకారం తీసుకోవడం ఎంతో ప్రమాదకరం. చక్కెర ఒక్కసారిగా పడిపోయి చెమటలు, వణుకు, తికమక మొదలవుతాయి, స్పృహ కూడా తప్పవచ్చు. మా నాన్నగారు ఇన్సులిన్ వేసుకుంటారు. పండుగకు ముందే ఆయన డాక్టరుతో మాట్లాడి, సగం అరిసెను భోజనంలో భాగంగా, ఆ మేరకు అన్నం తగ్గించి పెడతాము. మరునాడు ఆయన ఎంత వద్దన్నా వేళకు టిఫిన్ పెట్టకుండా మాత్రం ఉండము.