తాతయ్య లారీ, మా అమ్మాయి, ఒక ఫ్యాన్ బెల్టు

మెల్‌బోర్న్‌లో పిల్లలకి పెద్ద సెలవులు డిసెంబరు మూడో వారంలో మొదలై జనవరి చివరిదాకా ఉంటాయి. అందువల్ల సంక్రాంతికి ఊరు రాగలం. అమెరికాలో ఉన్న మా చుట్టాలకి ఈ వీలు లేదు. కానీ గజపతినగరం వచ్చాక పిల్లలు తాతయ్యతో ఏం మాట్లాడతారన్నది వేరే సంగతి. "అన్నం తిన్నావా", "ఏ క్లాసు", "అక్కడ చలా, ఎండా" అన్నవి అయిపోయాక ఇటు ఆయనకీ మాటలుండవు, అటు వీళ్ళకీ ఉండవు. అప్పుడు ఎవరో ఒక అత్తయ్య "ఒక పద్యం చెప్పవే" అంటుంది. మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. ఆదివారం తెలుగు క్లాసులో నేర్చుకున్న వేమన పద్యం గడగడా అప్పజెప్పి గదిలోకి వెళ్ళిపోతుంది. అందరూ చప్పట్లు కొడతారు. నాకు మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది.

నా నమ్మకం ఒకటే. పిల్లల చేత తెలుగు పలికించడం కన్నా, తెలుగు లేకపోతే జరగని పని ఒకటి వాళ్ళ చేతిలో పెట్టాలి. ఆ పని ఎవరికో నిజంగా కావలసినదై ఉండాలి. ఉత్తుత్తి పని అయితే పిల్లలు ఇట్టే పసిగట్టేస్తారు.

ఈ ఏడు అలాంటి పని నాన్న లారీ దగ్గర దొరికింది. అది పాత టాటా 1210. నాన్న దాని మీద ఏళ్ళ తరబడి రాయపూర్ తిరిగారు. నాతవలస నుంచి విజయనగరం, మా ఊరు, రామభద్రపురం, సాలూరు మీదుగా ఒడిశా కొండలెక్కే రోడ్డు అది. అప్పట్లో 43, ఇప్పుడు 26వ నంబరు జాతీయ రహదారి. మా చదువులన్నీ ఆ లారీ పెట్టిన తిండే. కిరాయిలు మానేసినా నాన్న దాన్ని అమ్మలేదు. షెడ్డులో ఉంచి అప్పుడప్పుడు స్టార్ట్ చేస్తారు, కనుమకి పసుపూ బొట్టూ పెట్టి పిల్లల్ని ఎక్కించుకుని ఊరు దాటి ఒక చుట్టు తిప్పుతారు.

1210 అంటే ఏమిటని మా అమ్మాయి అడిగింది. 12 అంటే సరుకుతో కలిపి సుమారు పన్నెండు టన్నులు, 10 అంటే సుమారు వంద గుర్రాల బలం అని నాన్న చెప్పారు. ఈ లారీల ముందు తరం మీద మెర్సిడెస్ నక్షత్రం ఉండేదని కూడా చెప్పారు. టాటాల టెల్కో కంపెనీ 1954లో జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో ఒప్పందం చేసుకుంది, అది 1969 దాకా నడిచింది. మెల్‌బోర్న్‌లో ఆ నక్షత్రాన్ని ఖరీదైన కార్ల మీదే చూసిన పిల్లకి ఇది పెద్ద విశేషం. తాతయ్యని ఆ రోజు మొదటిసారి తనంతట తాను మరో ప్రశ్న అడిగింది.

భోగికి ముందు ఇంజను స్టార్ట్ చేస్తే కీచుమని ఒకటే అరుపు. ఫ్యాన్ బెల్టు పక్కలు పగిలి, నూలు పోగులు బయటికొచ్చాయి. పాత ఇంజన్లలో ఈ ఒక్క బెల్టే వాటర్ పంపునీ, ఫ్యానునీ, బ్యాటరీని చార్జ్ చేసే డైనమోనీ తిప్పుతుంది. తెగితే డీజిల్ ఇంజను అక్కడికక్కడే ఆగదు, నడుస్తూనే వేడెక్కిపోతుంది. ప్రమాదమంతా అందులోనే ఉంది. కనుమ దగ్గరికొచ్చేసింది, నాన్నకి ఒకటే టెన్షన్.

పార్టుల పుస్తకంలో నంబరు చూసి కొనేస్తే సరిపోయేదే, లారీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండుంటే. కానీ నాన్న ఎప్పుడో దారిలో డైనమో కాలిపోతే దాని బదులు అదే పని చేసే ఆల్టర్నేటర్ పెట్టించారు. దాని పుల్లీ, అంటే బెల్టు ఎక్కే గాడి చక్రం, సైజు వేరు, బ్రాకెట్ వేరు. పుస్తకం నంబరు బెల్టు ఈ లారీకి రాదు. పాత బెల్టు మీద అచ్చు ఎప్పుడో చెరిగిపోయింది. సరే, దాన్నే కొలుద్దామంటే సాలూరు నుంచి వచ్చిన మేస్త్రీ ఒప్పుకోలేదు. "పాత బెల్టు కొలిచీసి కొత్తది కొనకూడదమ్మా. అది సాగిపోయుంటాది, పక్కలు అరిగిపోయుంటాయి. ఇంజనునే కొలవాల."

సాలూరు లారీల మీద బతికిన ఊరు. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది గానీ, లారీకి జబ్బు చేస్తే ఇప్పటికీ మా చూపు అటే పోతుంది. ఆ మేస్త్రీకి తెలుగు తప్ప మరో భాష రాదు. మా అమ్మాయికి అది చాలా మేలు చేసింది. చుట్టాలందరూ దానితో వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడి దాని తెలుగుని మొగ్గలోనే తుంచేస్తున్నారు. ఈయన మాత్రం తన మాటలోనే చెప్పుకుంటూ పోయాడు. అర్థం కాకపోతే చేత్తో చూపించాడు, మళ్ళీ చెప్పాడు.

బ్యాటరీ తీగ ఊడదీసి, ఆల్టర్నేటర్ బోల్టు వదులు చేసి, దాన్ని ఇంజను వైపు కొద్దిగా జరిపి పెట్టారు. కొత్త బెల్టు చేత్తోనే ఎక్కాలి, సాగాక బిగించడానికి ఆల్టర్నేటర్ బోల్టు జరిగే బ్రాకెట్ స్లాట్‌లో చోటు మిగలాలి. తర్వాత సాగని ఇనప బైండింగ్ వైరు తీసుకుని పుల్లీలన్నిటి చుట్టూ తిప్పారు. వైరు గాడి అడుగుకి దిగిపోకుండా అంచుల దగ్గరే ఉండేలా మా అమ్మాయి పట్టుకుంది. ఎందుకలాగ అని అడిగింది. "బెల్టు అడుగున కూకుంటే లాగదు పాపా, పక్కలే పట్టుకోవాల" అన్నాడు మేస్త్రీ. బెల్టు గాడిలో చీలలా బిగుసుకుని పక్కగోడల రాపిడితోనే తిరుగుతుంది. పై అంచు పుల్లీ అంచుతో సమంగానో, వెంట్రుకవాసి పైకో ఉండాలి, అడుగున ఖాళీ కనపడాలి. గాడి పైవెడల్పు కొలిస్తే 17 మిల్లీమీటర్ల బెల్టు పడుతుందని తేలింది. వైరు పొడవు 1290 మిల్లీమీటర్లు.

ఈ కొలతలు రాసుకుని విజయనగరం వెళ్ళాం, నాన్న, అమ్మాయి, నేను. షాపులో నేను మాట్లాడకూడదని ముందే గట్టిగా అనుకున్నాను. కౌంటర్ మీద రెండు బెల్టులు పెట్టి "రెండూ ఒకటే సైజమ్మా" అన్నాడు షాపు అబ్బాయి. ఒకదాని మీద బి 48 అని ఉంది, అంటే 48 అంగుళాలు, లెక్కకి 1219 మిల్లీమీటర్లు. రెండో దాని మీద 1220 అని ఉంది. చూస్తే ఒకటే. మా అమ్మాయి రెండూ పక్కపక్కన వేలాడదీసింది. ఒకటి స్పష్టంగా పొడుగ్గా ఉంది. బి 48 మీద రాసేది లోపలి చుట్టుకొలత. రెండో దాని మీద 1220 పక్కన ఎల్ఏ అన్న అక్షరాలున్నాయి, అది బయటి చుట్టుకొలత. 17 మిల్లీమీటర్ల వెడల్పుండే ఈ బి రకం బెల్టు మందం 11 మిల్లీమీటర్లు. లోపలి చుట్టుకీ బయటి చుట్టుకీ తేడా మందానికి 2π రెట్లు (2 × 3.14 × 11), అంటే సుమారు 69 మిల్లీమీటర్లు. మన వైరు కొలిచింది బయటి చుట్టు కాబట్టి 1290 నుంచి 69 తీసేస్తే 1221, అంటే బి 48 పొడవే సరైనదని లెక్క కట్టింది.

ఆ లెక్క తెలుగులో చెప్పడానికి మా అమ్మాయి పడిన పాట్లు నేను మరచిపోలేను. "లోపల కొలత... బయట కొలత... మందం వల్ల తేడా వస్తుంది అండీ" అని ఆగి ఆగి చెప్పింది. నాలుక చివర ఇంగ్లీషు మాట సిద్ధంగా ఉన్నా వాడలేదు, ఎందుకంటే తాతయ్యకీ అర్థం కావాలి. నాన్న ఆ కాగితం తీసుకుని రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నారు.

బి 48 కొనేద్దామనుకుని మేస్త్రీకి ఫోన్ చేస్తే అక్కడా వద్దన్నాడు. అది పొలం మోటార్లకి వేసే బెల్టు. రేడియేటర్ వెనక వేడికి, ఇంజను అదురుకి తట్టుకునేలా బళ్ళ కోసమే చేసిన బెల్టు అడగమన్నాడు. పక్క షాపు నుంచి 17 వెడల్పు, బయటి పొడవు 1285 ఉన్నది తెప్పించారు. అయిదు మిల్లీమీటర్ల తేడాని బ్రాకెట్ స్లాటు సర్దేస్తుంది.

బెల్టు ఎక్కించేటప్పుడు స్క్రూడ్రైవరుతో తన్నించకూడదు, లోపలి దారాలు తెగుతాయి. పొడవాటి వైపు మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు 10 నుంచి 15 మిల్లీమీటర్లు దిగాలి. వదులైతే జారి అరుస్తుంది, మరీ బిగిస్తే వాటర్ పంపు బేరింగులు పోతాయి. తాతయ్య బొటనవేలి బలం వేరు, నా బలం వేరు అని మా అమ్మాయి స్కేలు అడ్డం పెట్టి కొలిచింది. 12 వచ్చింది.

మా అత్తయ్యకి మాత్రం ఇది నచ్చలేదు. "అంత దూరం నుంచి తెచ్చి ఆడపిల్లని గ్రీజులో పడేశావేటే" అంది. పట్టుపరికిణీలో ఫొటో దిగడమూ మన సంస్కృతే, కాదనను. కానీ తాతయ్య బతుకంతా నడిపిన బండి ఎలా నడుస్తుందో తెలుసుకోవడం అంతకన్నా తక్కువదంటే ఒప్పుకోను. అదే మాట అత్తయ్యకి చెప్పాను.

తొమ్మిదేళ్ళ మా చిన్నాడికి ఈ లారీ గోల పట్టలేదు. వాడికి ఏ పని నచ్చుతుందో ఇంకా చూస్తున్నాను. అమ్మాయి కూడా మెల్‌బోర్న్ వచ్చాక తమ్ముడితో ఇంగ్లీషులోనే దెబ్బలాడుతోంది. ఒక్కటి మాత్రం మారింది. కొత్త బెల్టు కొంత నడిచాక సాగుతుంది, మళ్ళీ బిగించాలి. ఆ కొలత తాతయ్య తీసి పంపాలి, అది చూసి చెప్పాలి. ఇప్పుడు ఆదివారం మాకు సాయంత్రం నాలుగున్నర, వాళ్ళకి పదకొండు అయ్యేసరికి ఫోన్ మోగుతుంది, నన్ను పిలవరు. లారీని పాతదానిలాగే చేయాలని నాన్న మళ్ళీ డైనమో పెట్టిస్తానంటున్నారు. ఇంజను నెమ్మదిగా తిరిగినప్పుడు డైనమో సరిగా చార్జ్ చేయదు, ఆల్టర్నేటరే ఉంచమని మా అమ్మాయి అంటోంది. పోయిన వారం ఆ వాదన తెగలేదు. పాత డైనమో అటక మీద నుంచి దింపి చూపిస్తాను, దాని పుల్లీ కొలిచాక మాట్లాడు అన్నారు నాన్న.