విత్తనం నుంచి ఆస్పరాగస్ ఫెర్న్

బెంగళూరులో ఏ నర్సరీకి వెళ్ళినా ఆస్పరాగస్ ఫెర్న్ కుండీ సులువుగానే దొరుకుతుంది. అయినా ముదిరిన మొక్క మీద పండ్లు కనిపిస్తే వాటిని వృథాగా రాలిపోనివ్వకుండా విత్తి చూడమని తోటపని మీద ఇష్టమున్న వారందరినీ కోరుతున్నాను. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ఈ మొక్క నిజానికి ఫెర్న్ కాదు, మన పిల్లిపీచర ఉన్న ప్రజాతికే చెందిన పూలమొక్క. అందుకే దీనికి సన్నని తెల్లని పూలు, వాటి వెంట బఠాణీ గింజంత పండ్లు వస్తాయి.

వేలాడే కుండీల్లో పెంచే స్ప్రెంగెరి రకానికి పండు బాగా ఎర్రబడి, వేళ్ళ మధ్య నొక్కితే మెత్తగా అణిగినప్పుడు కోయాలి. బొకేల్లో రోజాల వెనుక అమర్చే ప్లుమోసస్ రకానికైతే పండు నల్లబడేదాకా ఆగాలి. లోపలి నల్లని గింజకు అంటుకున్న గుజ్జును జల్లెడలో వేసి, నీటి ధార కింద రుద్ది పూర్తిగా కడగడమే ఈ పనిలో ముఖ్యమని నా అభిప్రాయం, ఎందుకంటే గుజ్జు మిగిలితే బూజు పడుతుంది, మొలక కూడా ఆలస్యమవుతుంది. ఆ రసం కొందరికి దురద పుట్టిస్తుంది కనుక చేతికి తొడుగు వేసుకోవాలి. పండ్లు తింటే పిల్లులకు, కుక్కలకు వాంతులు, విరేచనాలు అవుతాయి కనుక వాటికి అందనివ్వకూడదు.

కడిగిన గింజలను 24 గంటలు గోరువెచ్చని నీటిలో నానబెట్టి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ఇసుక కలిపిన మిశ్రమంలో సుమారు 1 సెంటీమీటరు లోతున నాటాలి. మొలకకు 21 నుంచి 27 డిగ్రీల వేడి అనుకూలం కాబట్టి, ఇక్కడి చలికాలపు రాత్రులు గడిచాక, ఫిబ్రవరి చివర విత్తడం మేలు.

మొలక రావడానికి 3 నుంచి 6 వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. అంతవరకూ తడి ఆరకూడదు, నీరు నిలవకూడదు. గింజలోని తొలి ఆకైన బీజదళం దీనికి ఒక్కటే, అదీ మట్టిలోనే ఉండిపోతుంది కాబట్టి చిక్కుడు మొలకలా రెండాకులు విచ్చుకుని పైకి రావు. దారమంత సన్నని ఆకుపచ్చని కాడ ఒక్కటే నిటారుగా లేచి, కొంత ఎత్తు పెరిగాక కొమ్మలు విప్పుతుంది. మనం ఆకులనుకునే ఆ పచ్చని సూదులు కూడా నిజానికి రూపం మారిన కాండాలే.

తొలి కాడ తరువాత పెరుగుదల ఆగినట్టు కనిపించినా కంగారుపడి తవ్వి చూడకూడదు, ఆ సమయంలో కింద వేళ్ళు పెరుగుతుంటాయి. ఒక్కో మొక్కకు మూడు నాలుగు కాడలు వచ్చాక విడివిడి కుండీల్లోకి మార్చి, ఉదయపు ఎండ మాత్రమే తగిలే చోట ఉంచాలి. మధ్యాహ్నపు ఎండ నేరుగా పడితే పచ్చదనం పసుపు బారి సూదులు రాలిపోతాయి.