కరక్కాయ, తుప్పు నీళ్లు, మా పిల్లలు

విదేశాల్లో ఉంటున్న మనం పిల్లలకు సంస్కృతిని ఎక్కువగా రెడీమేడ్ సరుకులాగే అందిస్తుంటాం. ఉగాదికి పట్టులంగా, సంక్రాంతికి ముగ్గు స్టిక్కర్లు, అసోసియేషన్ ఫంక్షన్‌లో ఓ డాన్సు. ఇదంతా ఎందుకని అడిగితే "మన సంప్రదాయం నాన్నా" అని ఊరుకుంటాం. మా పన్నెండేళ్ల అమ్మాయి పట్టులంగాను "కాస్ట్యూమ్" అంటుంది. ఆ మాటకు మావారు నొచ్చుకుంటారు గానీ, ఏడాదికోసారి వేసుకునేదాన్ని ఇంకేమంటారు?

లండన్‌లో వాన పడే వారాంతాల్లో చాలామంది తల్లిదండ్రుల్లాగే మేమూ సౌత్ కెన్సింగ్టన్ సైన్స్ మ్యూజియంలో తేలతాం. టికెట్ లేదు, పైన కప్పుంది. రోడ్డుకు అటువైపే విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం. కోరమాండల్ తీరం నుంచి యూరప్‌కు ఎగుమతైన పద్దెనిమిదో శతాబ్దపు కలంకారీ అద్దకం బట్టలు అక్కడ చాలా ఉన్నాయి. ఒక బట్ట ముందు మా అమ్మాయి ఆగిపోయింది. "ఇన్నేళ్లయినా ఈ ఎరుపు ఎందుకు పోలేదు? నా స్కూల్ జంపర్ ఆరు నెలలకే వెలిసిపోయింది కదా!"

అసలు కిటుకంతా అక్కడే ఉంది. ఆ ఎరుపు పైన పూసింది కాదు, నూలుపోగులోనే పుట్టింది. ముందు పటిక నీళ్లతో బొమ్మ వేస్తారు. అప్పటికి కంటికి పెద్దగా ఏమీ కనిపించదు. తర్వాత చిరివేరులాంటి ఎర్రరంగునిచ్చే వేళ్లు వేసి బట్టను ఉడికిస్తారు. పటికలోని అల్యూమినియం ఒకవైపు నూలును, మరోవైపు రంగును పట్టుకుంటుంది. పటిక తగిలినచోటే ఎరుపు నిలుస్తుంది, మిగతాది ఉతుకులో పోతుంది. ఈ రంగుల బట్టల గిరాకీ చూసి ఇంగ్లండులో ఉన్ని, పట్టు నేతవాళ్లు గొడవ చేస్తే, 1721లో ఇలాంటి నూలు బట్టలు చాలావరకు కట్టుకోకూడదని చట్టమే చేశారు. 1742లో కేర్దూ అనే ఫ్రెంచి పాదరీ మన అద్దకంవాళ్ల దగ్గర ఈ పనంతా తెలుసుకుని, ఫ్రాన్సుకు ఉత్తరం రాసి పంపాడు. "స్పై!" అన్నాడు మావాడు. ఆయనకు తెలుగు బాగా వచ్చు, తెలుగు మాటలతో నిఘంటువు కూడా కూర్చాడు. మా పిల్లల తెలుగు కంటే ఆయనదే నయమేమో!

నలుపు కథ ఇంకా బాగుంటుంది, పైగా ఇంట్లో చేసుకోవచ్చు. శ్రీకాళహస్తిలో ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెడతారు. మాకు అంత ఓపికెక్కడిది? తుప్పు మేకుల్ని సీసాలో వేసి వెనిగర్ పోశాం. ఇండియన్ షాపులో కరక్కాయ పొడి దొరికింది. చిన్నప్పుడు దగ్గొస్తే మా అమ్మ బుగ్గన పెట్టిన కరక్కాయే అది. ఆ పొడి కలిపిన నీళ్లలో తెల్లగుడ్డ నానబెట్టి ఆరేస్తే లేత పసుపు రంగుకు వచ్చింది. మావాడు కుంచెను తుప్పు నీళ్లలో ముంచి పొకెమాన్ తోక గీశాడు. గీస్తున్నప్పుడు టీ మరకలా ఉన్న గీత చూస్తుండగానే బూడిదరంగుకు తిరిగి, ఇంకాసేపటికి నల్లబడింది. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం, ఇనుము కలిశాక గాలిలోని ఆక్సిజన్ చేసిన పని అది. ఇద్దరూ కిచెన్ కౌంటర్ మీద మోచేతులానించి, ఫోను ముట్టుకోకుండా కూర్చున్నారు. మా ఇంట్లో అది విశేషమే.

బందరులో ఉన్న మా అమ్మకు వీడియో కాల్ చేశాం. పక్కనే కలంకారీ అద్దకానికి పేరున్న పెడన కాబట్టి ఆవిడకు ఈ పని కొంత తెలుసు. మామూలుగా ఆ కాల్స్ "తిన్నావా", "ఆ తిన్నా" దగ్గరే ఆగిపోతాయి. ఆరోజు మాత్రం మా అమ్మాయి ప్రశ్నలకు అంతులేదు. కాలవలో బట్టలు ఎలా జాడించేవాళ్లో, ఎండలో ఎలా ఆరేసేవాళ్లో అమ్మ చెబుతుంటే, మధ్యలో నేను తర్జుమా చేయబోయాను. "ఉండమ్మా, నాకర్థమవుతోంది" అంది.

మాటల్లోనే అమ్మ కనిపెట్టేసింది. "పాలేవే? కరక్కాయతో పాటు గేదెపాలు పట్టించాలి, లేకపోతే రంగు పాకుతుంది."

"యక్, వాసనొస్తుంది. పాలు కెమిస్ట్రీకి ఎందుకు, అమ్మమ్మా?"

వాదన తేలలేదు. చివరికి మా అమ్మాయే గుడ్డను రెండు ముక్కలు చేసింది. ఒకటి ఉత్త కరక్కాయ నీళ్లలో, రెండోది పాలు కలిపిన కరక్కాయ నీళ్లలో. గేదెపాలు ఎక్కడ తెస్తాం, సూపర్‌మార్కెట్ ఫుల్ ఫ్యాట్ పాలే గతి. రెండూ ఆరాక ఒకే కుంచెతో, ఒకే తుప్పు నీళ్లతో రెండు గీతలు గీసింది. పాలు లేని ముక్కలో గీత అంచులు పీచులు పీచులుగా పాకాయి. పాలున్న ముక్కలో గీసింది గీసినట్టే నిలబడింది. పాలలోని కొవ్వు నీళ్లను పక్కకు పాకనివ్వదన్న సంగతి స్కూల్ నోట్‌బుక్‌లో రాసుకుని, రెండు ముక్కల ఫోటో తీసి అమ్మమ్మకు పంపింది.

అమ్మ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. "చెప్తే విన్నావా? సరేగానీ, ఈసారి కుంచె పారేసి వెదురుపుల్ల చెక్కించుకో."

తోటలో వెదురుంది కానీ అది పక్కింటివాళ్లది. అడగడానికి మా అమ్మాయి వెళ్లింది.