మా ఆరోగ్య సమాచార ఎక్స్‌ఛేంజ్‌ను కొత్త ప్లాట్‌ఫామ్‌కు మార్చిన అనుభవం

మా ప్రాంతంలోని ఆసుపత్రులు, ల్యాబులు, క్లినిక్కుల మధ్య రోగుల సమాచారాన్ని చేరవేసే ఎక్స్‌ఛేంజ్‌లో డేటా బదిలీ బాధ్యత నాది. పాత సాఫ్ట్‌వేర్‌కు ఇంకా సందేశాలు పంపుతున్న చివరి ల్యాబు ఫీడ్‌ను ఈ వారమే కొత్త ప్లాట్‌ఫామ్ వైపు తిప్పి, పాత సర్వర్లను ఆపేశాము. పని పూర్తయిందన్న ఊరట ఉంది, అయితే మధ్యలో జరిగిన ఒక తప్పు తాలూకు బరువు ఇంకా దిగలేదు. ఇదే పని నెత్తిన వేసుకోబోయేవాళ్ళకు ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో, వివరాలు మరుగున పడకముందే రాస్తున్నాను.

సులువుగా జరిగినవి ముందు చెప్పేస్తాను. ఒప్పందం, సర్వర్లు, భద్రతా సర్టిఫికెట్లు, ప్రతి ఆసుపత్రికీ వీపీఎన్ కనెక్షన్లు: వీటిలో ఆలస్యం ఉంది గానీ ఆశ్చర్యపడవలసినదేమీ లేదు. మా ఆసుపత్రులన్నీ ఇప్పటికీ హెచ్‌ఎల్‌7 అనే ఆరోగ్య సమాచార ప్రమాణపు రెండో వెర్షన్ సందేశాలే పంపుతాయి కాబట్టి వాటిని అందుకునే ఇంటర్‌ఫేసులను కొత్త ఇంజిన్‌లో తిరిగి కట్టడం శ్రమే అయినా తెలిసిన శ్రమ. ల్యాబు కోడ్ల మ్యాపింగ్ (ఒక్కో ల్యాబు పరీక్షను లాయింక్ అనే ఉమ్మడి కోడ్‌కు జోడించడం) గురించి ఒక్క మాట: యూనిట్లను కళ్ళతో చూడండి. రక్తపు సీరం లేదా ప్లాస్మాలో గ్లూకోజ్‌ను డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో చెబితే లాయింక్ కోడ్ 2345-7, లీటరుకు మిల్లీమోల్స్‌లో చెబితే 14749-6. ఒకే రక్తానికి ఈ రెండు అంకెల మధ్య తేడా దాదాపు 18 రెట్లు. మాకు ఫలితాలు పంపే ల్యాబుల్లో ఒకటి రెండో యూనిట్‌లో కొలిచి మొదటి కోడ్ వేస్తోంది. అది పరీక్షల దశలోనే దొరికింది, ఒక పూటలో సరిదిద్దాము.

మా నెలలను మింగేసింది పేషెంట్ ఇండెక్స్.

ఒకే మనిషికి ప్రతి ఆసుపత్రీ తన సొంత నంబరు ఇస్తుంది. ఆ నంబర్లన్నీ ఫలానా మనిషివేనని గుర్తించి ఒకచోట ముడివేసేది పేషెంట్ ఇండెక్స్. పేరు, పుట్టిన తేదీ, లింగం, చిరునామా, ఫోను నంబరు వంటి వివరాల్లో కలిసిన ప్రతిదానికీ కొంత బరువు కలుపుతూ, కలవనిదానికి కొంత తీసేస్తూ పోయి, మొత్తం పై గీతను దాటితే ఇద్దరూ ఒకరేనని, కింది గీతకు దిగువన ఉంటే వేర్వేరని, రెండింటి మధ్య పడితే మనిషి చూసి తేల్చాలని నిర్ణయిస్తుంది. ఈ పద్ధతికి ఫెల్లెగీ, సన్‌టర్ అనే ఇద్దరు 1969లో గణిత రూపం ఇచ్చారు. మా పాత సాఫ్ట్‌వేర్, కొత్త ప్లాట్‌ఫామ్ రెండూ ఆ సూత్రం మీదే నడుస్తాయి. మధ్యలో పడినవాటిని తేల్చే పని మా రికార్డుల విభాగంలో ఒక సీనియర్ ఉద్యోగినిది. పదకొండేళ్ళుగా ఆవిడ రోజూ ఆ జాబితా తెరిచి, అవసరమైతే ఆసుపత్రులకు ఫోను చేసి కనుక్కుని, కలపవలసినవి కలిపి, తప్పుగా కలిసినవాటిని విడదీసి, ప్రతి నిర్ణయం పక్కన ఒక చిన్న వ్యాఖ్య రాసేవారు.

ప్రణాళిక సమావేశాలకు ఆవిడను నేను పిలవలేదు. ఇది సాఫ్ట్‌వేర్ మార్పు, ఆవిడది రికార్డుల పని అని విడదీసి చూశాను. ఆ తప్పు పూర్తిగా నాదే.

పాత వెండర్ ఇచ్చిన ఎగుమతి ఫైళ్ళను కొత్త ప్లాట్‌ఫామ్‌లోకి ఎక్కించినప్పుడు, అది ప్రతి రికార్డునూ మొదటినుంచి తూచి, తన లెక్క ప్రకారం తాను ముడులు వేసుకుంది. సందేశాల సంఖ్య రెండువైపులా సరిపోయింది. మనుషుల సంఖ్య మాత్రం పాత ఇండెక్స్‌లో కంటే తక్కువ వచ్చింది. కొత్త వెండర్ ప్రతినిధి ఆ అంకె చూసి సంతోషించి, మీ డూప్లికేట్లు తగ్గాయి, మా మ్యాచింగ్ మెరుగైనదనడానికి ఇదే రుజువు అన్నారు. నేను నమ్మాను. నమ్మి ఊరుకోలేదు కూడా. మొదటి విడత క్లినిక్కులు కొత్త వ్యవస్థలోకి మారిన రెండో వారంలో, పాలక కమిటీ సమావేశంలో ఆ అంకెను తెర మీద పెద్దగా చూపించి, ఇది మనందరి విజయమని చెప్పాను.

నేను కూర్చోబోతుండగా కమిటీలో ఉన్న ఒక పిల్లల డాక్టరుగారు తన ల్యాప్‌టాప్‌ను తెరకు కలపవచ్చా అని అడిగారు. పేరు, నంబరు చెరిపేసిన ఒక ఎదుగుదల పటం తెర మీదకు వచ్చింది. నాలుగేళ్ళ పాప బరువు గీత అది. ఆ వయసు పిల్లల్లో ఆ గీత మెల్లగా పైకి పోవాలి. ఇది రంపపు పళ్ళలా ఉంది: ఒక నెల 14 కిలోలు, తర్వాతి వారం 16.5, మళ్ళీ 14.2, మళ్ళీ దాదాపు 17. పటానికి పైన లింగం దగ్గర "స్త్రీ" అని ఉంది. కింద టీకాల జాబితాలో ప్రతి టీకా ఒకే నెలలో రెండుసార్లు వేసినట్టు ఉంది. పిల్లలకు మందు మోతాదు బరువును బట్టి ఇస్తామని, తాను ఆ పాపను పుట్టినప్పటినుంచి ఎరుగును కనుక ఆగానని, ఎరగని డాక్టరు ఎదుట ఈ తెర ఉంటే ఏ బరువు తీసుకునేవాడో ఆలోచించమని ఆవిడ చెప్పారు. గొంతు పెంచలేదు. ఆఖరున నా వైపు తిరిగి, "మీరు తగ్గిందంటున్న సంఖ్యలో ఈ పాప కూడా ఉందా?" అని అడిగారు.

ఉంది. ఆ పాపకు కవల సోదరుడు ఉన్నాడు. ఇద్దరినీ మా కొత్త ఇండెక్స్ ఒకే మనిషిని చేసింది. నా దగ్గర జవాబు లేదు. ఇంతమంది డాక్టర్ల ముందు, నేనే విజయమని చెప్పిన అంకె ఇంకా పక్క తెర మీద వెలుగుతుండగా, కనుక్కుని చెబుతానని మాత్రం అనగలిగాను. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో అంత చిన్నబోయిన రోజు నాకు మరొకటి లేదు.

ఎందుకు జరిగిందో తెలుసుకోవడానికి వెండర్‌కు టికెట్ పెడితే, రెండు రోజుల తర్వాత "డిజైన్ ప్రకారమే పనిచేస్తోంది" అన్న వాక్యంతో మూసేశారు. ఆ వాక్యం నిజమే కావడం నన్ను మరింత బాధించింది. వివరాల బరువులు కూడేటప్పుడు ఒక్కొక్క వివరమూ మరొకదానితో సంబంధం లేని సాక్ష్యమని ఆ లెక్క అనుకుంటుంది. ఒకే ఇంట్లో పుట్టిన కవలల విషయంలో ఇంటిపేరు, చిరునామా, ఫోను నంబరు, పుట్టిన తేదీ అన్నీ కట్టకట్టుకుని కలుస్తాయి. ఒకే సాక్షి నాలుగు గొంతులతో మాట్లాడితే నలుగురు సాక్షులున్నట్టు లెక్క పడుతుంది. పేరు, లింగం రెండే వేరు. పుట్టిన కొత్తలో ఆసుపత్రి తల్లి పేరు మీద "బేబీ" అని నమోదు చేసిన రికార్డుల్లో పేరు తేడా కూడా లేదు. మొత్తం పై గీతను సులువుగా దాటింది, అందువల్ల మనిషి చూసే జాబితాలోకి రాలేదు.

ఆ సాయంత్రం రికార్డుల విభాగానికి వెళ్ళి, జరిగినది ఆ సీనియర్ ఉద్యోగినికి చెప్పాను. కవలల విషయం వినగానే ఆవిడ, "వాళ్ళను నేను రెండుసార్లు విడదీశానండీ, పాత దాంట్లో వ్యాఖ్య కూడా రాశాను" అన్నారు. అప్పుడు నాకు అర్థమైంది, పోయినదేమిటో. పదకొండేళ్ళపాటు ఆవిడ తీసుకున్న "వీళ్ళు వేర్వేరు" అన్న నిర్ణయాల్లో ఒక్కటీ ఎగుమతి ఫైళ్ళలో లేదు. పాత వెండర్‌ను అడిగితే, ఒప్పందంలో రాసుకున్నది రోగుల డేటా మాత్రమేనని, ఉద్యోగుల నిర్ణయాలు సిస్టమ్ లాగ్ (సాఫ్ట్‌వేర్ తనలో జరిగిన పనులను నమోదు చేసుకునే చిట్టా) కిందకు వస్తాయని, లాగ్‌లు ఒప్పందంలో లేవని సమాధానం వచ్చింది.

ఇక్కడ కాస్త ఆగి ఒక మాట చెప్పాలి. ఈ రంగంలోని ప్రమాణాలన్నీ కలపడాన్ని చెప్పగలవు. హెచ్‌ఎల్‌7 రెండో వెర్షన్‌లో రెండు రికార్డులను కలిపేశామని చెప్పడానికి ఏ40 సందేశం ఉంది, వేసిన ముడిని విప్పడానికి ఏ37 ఉంది. హెచ్‌ఎల్‌7 వారిదే కొత్త ప్రమాణమైన ఫైర్ నాలుగో విడుదలలో పేషెంట్ రికార్డు మరొక రికార్డును చూపించే లింకుకు నాలుగు రకాలున్నాయి. వాటిలో ఒక్కటి కూడా "ఈ ఇద్దరూ ఎప్పటికీ ఒకరు కారు" అని చెప్పదు. వేరు అన్న నిర్ణయం ఆ సాఫ్ట్‌వేర్ లోపల ఒక పట్టికలో బతుకుతుంది, సాఫ్ట్‌వేర్ మారగానే చనిపోతుంది. ఒక మనిషి పదకొండేళ్ళు కూర్చుని, ఫోన్లు చేసి, తెలుసుకుని రాసిన జ్ఞానాన్ని లాగ్ అని పిలిచి పక్కన పెట్టేసే ఒప్పందాలు రాసేవాళ్ళ మీద నాకు కోపం తగ్గలేదు. ఆ ఒప్పందం నకలు చదివి సంతకానికి పంపినవాళ్ళలో నేనూ ఉన్నాను.

తర్వాతి పని మూడు చోట్ల ఒకేసారి నడిచింది. మొదట, కొత్త ప్లాట్‌ఫామ్‌లో దానంతట అది కలిపే పనిని పూర్తిగా ఆపించాము. గీత ఎంత దాటినా సరే మనిషి చూడనిదే ముడి పడకూడదని పట్టుబట్టాము. దీనికి వెండర్ ఒప్పుకోవడానికి వారం పట్టింది, కమిటీ ఛైర్మన్‌గారు స్వయంగా ఫోను చేయవలసి వచ్చింది. మీరు కూడా మొదటి లోడ్‌కు ముందే ఈ మాట అడగండి, రాతపూర్వకంగా తీసుకోండి. రెండోది, పాత వెండర్ నుంచి ఆ లాగ్ తెప్పించుకోవడం. చాలా ఉత్తరాల తర్వాత ఒక ఫైలు పంపారు గానీ, నిలువు వరుసలకు పేర్లు లేవు. ఏ వరుస ఏమిటో మా ఇంజినీర్లు తలలు పట్టుకుంటుంటే, ఆవిడ నా పక్కన కూర్చుని ఇరవై వరుసలు చదివి, ఇది ఉంచిన నంబరు, ఇది విడదీసిన నంబరు, ఇది తేదీ, ఇది నేను రాసిన వ్యాఖ్య అని వేలు పెట్టి చూపించారు. "కవలలు. కలపవద్దు." "తండ్రీ కొడుకులు, పేరు ఒకటే, పుట్టిన తేదీ ఎవరో పొరపాటున ఒకటే వేశారు." "బిడ్డను తల్లి నంబరు మీద చేర్చారు, ఆసుపత్రికి చెప్పాను." ఇలాంటివి పేజీలకు పేజీలు ఉన్నాయి. వాటిని కొత్త ప్లాట్‌ఫామ్‌లో కలపకూడని జంటలుగా ఎక్కించి, మిగిలిన తేడాలన్నిటినీ పాత ఇండెక్స్ పక్కన పెట్టి ఒక్కొక్కటిగా చూశాము. కొత్త ప్లాట్‌ఫామ్ ఆసుపత్రి రికార్డులను లోపల విడివిడిగానే ఉంచి, పైన ముడి మాత్రమే వేస్తుంది కాబట్టి విడదీయగలిగాము. మీ వెండర్ రికార్డులను ఒకదానిలో ఒకటి కరిగించే రకమైతే ఒప్పందం దగ్గరే ఆగిపొమ్మని గట్టిగా చెబుతాను.

మూడోది నాకు కష్టమైనది. ముడి విప్పినా, అప్పటివరకు క్లినిక్కులు తెరిచి తమ కంప్యూటర్లలోకి దించుకున్న పత్రాలను మేము వెనక్కి తీసుకోలేము. ఏ రికార్డును ఎవరు ఎప్పుడు తెరిచారో యాక్సెస్ లాగ్‌లో తీసి, తప్పుగా కలిసిన ప్రతి రోగి విషయంలోనూ ఆ క్లినిక్కుకు ఫోను చేసి చెప్పాలని నిర్ణయించాము. ఆ ఫోన్లను నేను ఇతరులకు అప్పగించలేదు. కొందరు డాక్టర్లు విసుక్కున్నారు, కొందరు మౌనంగా విని రాసుకున్నారు, ఒకాయన ఆ సమాచారం చూసి తాను మందు మార్చలేదని చెప్పి, ఎందుకైనా మంచిదని రోగిని మళ్ళీ పిలిపించారు. ఎవరికీ హాని జరగలేదని చివరి ఫోను తర్వాత తేలింది. ఆ పిల్లల డాక్టరుగారికి మొదటి ఫోను చేసి పొరపాటు ఒప్పుకున్నాను, చివరి ఫోను కూడా ఆవిడకే చేసి పూర్తయిందని చెప్పాను.

ఆ తర్వాత మిగిలిన విడతలు నడిచిన తీరు గురించి గర్వంగానే చెబుతాను. మార్పు రాత్రుల్లో ప్రతి సందేశపు కంట్రోల్ ఐడీని (దాని గుర్తింపు సంఖ్యను) రెండువైపులా సరిచూసుకున్నాము. ఒక్క ల్యాబు ఫలితం కూడా పోలేదు. కొత్త ఇండెక్స్‌లో మనుషుల సంఖ్య ఇప్పుడు ఎంత ఉందని కమిటీలో అడిగినప్పుడు, అంకె చెప్పడానికి ముందు, అందులో ఎన్ని ముడులను మనిషి చూశారో చెబుతున్నాను. రికార్డుల విభాగం నుంచి ఆవిడ ఇప్పుడు ప్రతి ప్రణాళిక సమావేశానికీ వస్తున్నారు, మ్యాచింగ్ నియమాలు మార్చాలంటే ఆవిడ సంతకం ఉండాలని కమిటీ తీర్మానించింది.

పాత సర్వర్లు ఆపిన మర్నాడు ఆవిడ కొత్త జాబితాలో మరొక జంటను విడదీసి, పక్కన "అక్కాచెల్లెళ్ళు, ఫోను తండ్రిది" అని రాశారు. నేను వెంటనే కొత్త ప్లాట్‌ఫామ్ నుంచి పూర్తి ఎగుమతి తీయించి, ఆ ఫైలులో ఆ రెండు నంబర్లను వెతికాను. నిర్ణయం, తేదీ, ఆవిడ రాసిన వ్యాఖ్య, మూడూ ఉన్నాయి. నిలువు వరుసలకు పేర్లు కూడా ఉన్నాయి.