కజాన్ వెళ్తే క్రెమ్లిన్‌కి సగం రోజు చాలు

మా అమ్మాయి రష్యాలోని కజాన్‌లో మెడిసిన్ చదువుతోంది. దాంతో పిల్లల్ని అక్కడ చేర్పించి, ఒకసారి చూసొద్దామనుకునే తల్లిదండ్రులందరికీ నేనే గైడ్‌ని అయిపోయాను. ఫోన్ చేసిన ప్రతివాళ్లకీ మొదట్నించీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. మన బ్యాంకులిచ్చే వీసా, మాస్టర్‌కార్డులు 2022 మార్చి నుంచి రష్యాలో పనిచేయవు. డాలర్లో యూరోలో చేతిలో పట్టుకెళ్లి అక్కడి బ్యాంకులో రూబుళ్లు చేసుకోవాలి. మాస్కో నుంచి కజాన్ సుమారు 800 కిలోమీటర్లు. రాత్రి కజాన్‌స్కీ స్టేషన్‌లో రైలెక్కి పడుకుంటే పొద్దున్న దిగొచ్చు.

బసకి తుకాయ్ మెట్రో స్టేషన్ చుట్టుపక్కల చూసుకోండి. అక్కణ్ణించి బౌమన్ వీధి, క్రెమ్లిన్ (ఇక్కడి పాత కోట), పాత తాతార్ పేట (తాతార్లంటే ఇక్కడి స్థానిక ముస్లిం జాతి) అన్నీ నడిచి వెళ్లగలిగే దూరమే. బౌమన్ వీధి మీదికే తెరుచుకునే గది మాత్రం వద్దు, వేసవిలో పాటలవాళ్లు నిద్రపోనివ్వరు. పక్క సందులో తీసుకోండి. కర్టెన్లు మందంగా ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. జూన్‌లో మూడింటికే తెల్లారిపోతుంది. మా ఆయన మూడున్నరకే స్నానం చేసి, "కాఫీ ఎక్కడ దొరుకుతుంది?" అని నన్ను లేపేశారు.

అపార్ట్‌మెంట్ చవకే గానీ, విదేశీయులు ఎక్కడ దిగారో రిజిస్ట్రేషన్ చేయించాలి. హోటల్ వాళ్లయితే వాళ్లే చేసిపెడతారు. మేం మాట్లాడుకున్న ఇంటి ఓనరు ఫోన్‌లో సరేనని, తీరా వెళ్లాక అదేం అవసరం లేదన్నాడు. పరాయి దేశంలో ఆ టెన్షన్ ఎందుకని సామాను సర్దుకుని హోటల్‌కి మారిపోయాం.

క్రెమ్లిన్ ఆవరణలోకి టికెట్ లేదు. తెల్లటి గోడల లోపల నీలి గుమ్మటాల కుల్ షరీఫ్ మసీదు, దానికి దగ్గర్లోనే 16వ శతాబ్దపు చర్చి. మసీదు చూడ్డానికి పాతదిలా ఉంటుంది గానీ 2005లో తెరిచారు. 1552లో కజాన్ మీదికొచ్చిన రష్యా చక్రవర్తి ఇవాన్ ది టెరిబుల్ సేన మీద పోరాడి చనిపోయిన ఇమామ్ పేరు పెట్టారు. ఆడవాళ్లు చున్నీ దగ్గర పెట్టుకోండి. 58 మీటర్ల సుయుంబికె గోపురం ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. కజాన్ రాణి సుయుంబికె ఇవాన్‌ని పెళ్లాడ్డం ఇష్టంలేక దాని మీంచి దూకేసిందని గైడ్లు చెబుతారు. నిజానికి ఆవిణ్ణి 1551లోనే మాస్కో తీసుకుపోయారు. గోపురం ఆ తర్వాత ఎప్పటికో కట్టారు. కథ బాగుంది కాబట్టి వినేయండి. ఇదంతా మధ్యాహ్నానికల్లా అయిపోతుంది.

మిగతా పూట కబాన్ చెరువు పక్కనున్న పాత తాతార్ పేటకి ఇవ్వండి. నాకు కజాన్ అంటే అదే. పచ్చ, నీలం రంగులేసిన చెక్క ఇళ్లు, కిటికీల చుట్టూ నగిషీలు, జనం పలచగా ఉండే వీధులు. అక్కడి మర్జానీ మసీదుని రష్యా మహారాణి రెండో కేథరిన్ అనుమతితో 1766-70 మధ్య కట్టారు. మినార్ మరీ ఎత్తుగా కడుతున్నారని ఎవరో ఫిర్యాదు చేస్తే, "నేలమీద చోటు చూపించడం వరకే నా పని, ఆకాశం నా ఏలుబడిలో లేదు" అందట ఆవిడ. ఎంతవరకు నిజమో గానీ, మా ఆయన ఆ మాట రోజంతా తల్చుకుని నవ్వారు.

ఇక తిండి. ఎచ్‌పొచ్‌మక్ అని మూడు మూలల కచోరీ లాంటిది ఉంటుంది. లోపల మాంసం, బంగాళదుంప, ఉల్లిపాయ. పైన చిన్న చిల్లు ఉంటుంది. పక్క టేబుల్ పెద్దావిడ వేడి సూపు చెంచాతో తీసి ఆ చిల్లులో పోసి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు మూల కొరికింది. నేనూ అలాగే చేశాను. ఉత్తగా తింటే పొడిపొడిగా అనిపించింది గానీ, సూపు పీల్చుకున్నాక లోపలి దుంప మెత్తబడి, మాంసం రుచి అంతటా పట్టింది. శాకాహారులకి కిస్తిబీ ఉంది: పల్చటి రొట్టెలో ఉడికించి మెదిపిన బంగాళదుంప పెట్టి మడిచి, పైన వెన్న రాస్తారు. మా ఆయన దానిమీదే బతికారు, సంచిలోంచి కారప్పొడి తీసి చల్లుకుంటూ. కొనేముందు "బెజ్ మ్యాస" (మాంసం లేకుండా) అని అడగండి. తాతార్ వంటలు కౌంటర్లో అమ్మే త్యుబెతెయ్ లాంటి చోట్ల బొమ్మ చూపించి కొనుక్కోవచ్చు. చక్‌చక్ వేయించిన పిండి ముక్కల్ని తేనెపాకంలో అచ్చు కట్టిన మిఠాయి. మన బూంది అచ్చు తిన్నవాళ్లకి కొత్తేం కాదు. డబ్బాలు ఇంటికి తెచ్చినా పాడవలేదు.

ఇంకో రోజు చేతిలో ఉంటే మాత్రం స్వియాజ్స్క్ వదలొద్దు. కజాన్‌ని గెలవడానికి ఇవాన్ 1551లో కట్టించిన కోట ఊరది. వోల్గా నది ఎగువన అడవుల్లో దుంగలు కొట్టి, నంబర్లు వేసి, నదిలో తేల్చి తెచ్చి ఇక్కడ నిలబెట్టేశారు. 1950ల్లో ఆనకట్ట నీళ్లొచ్చి కొండ కాస్తా దీవి అయింది. ఇప్పుడు రోడ్డూ ఉంది గానీ, వేసవిలో పడవలోనే వెళ్లండి, రెండు గంటల ప్రయాణం. అక్కడి ఉస్పెన్‌స్కీ చర్చి గోడమీద గుర్రం తలతో ఒక సెయింట్ బొమ్మ ఉంది. "హయగ్రీవుడే" అని మా ఆయన తీర్మానం. అమ్మాయి "నాన్నా, క్రిస్టోఫర్" అంటున్నా వినలేదు. తిరుగు పడవ టైమ్ దిగేటప్పుడే అడిగి పెట్టుకోండి.